ధావన్‌నిచ్చి ఏం తెచ్చుకున్నాం?

2018 నవంబర్‌లో సన్‌రైజర్స్ శిఖర్ ధావన్‌ని ఢిల్లీకిచ్చి విజయ్ శంకర్‌నీ, షాబాజ్ నదీమ్‌నీ, పద్దెనిమిదేళ్ళ అభిషేక్ శర్మనీ తెచ్చుకుంది. మా వడమాలపేట టీ అంగట్లో ఆ మూడో పేరు పలికినోడే లేడు. 2019 మేలో, విశాఖ ఎలిమినేటర్లో, అదే ఢిల్లీ మనల్ని 2 వికెట్ల తేడాతో ఇంటికి పంపింది. ఇంకేముంది, మేనేజ్‌మెంట్‌ని తిట్టనోడు లేడు.

ఆ తిట్లే నాకు ఎక్కవు. ప్లేఆఫ్ అనేసరికి అందరికీ పండిన కాయే కావాల. ధావన్ ఆ సీజన్లో ఢిల్లీకి 521 పరుగులిచ్చినాడు, కాదనను. మనం తెచ్చుకున్నది అంటుమొక్క. మామిడితోటల మధ్య పెరిగినోళ్ళకి కూడా ఇది విడమరిచి చెప్పాల్నా? 2025 ఏప్రిల్లో ఉప్పల్‌లో పంజాబ్ మీద 55 బంతుల్లో 141 బాదింది ఆ మూడో పేరే.

అదే సన్‌రైజర్స్ 2025 నవంబర్‌లో షమీని 10 కోట్లకి లక్నోకి ఇచ్చేసింది. బదులుగా ఆటగాడు రాలేదు, డబ్బొచ్చింది. దీన్ని తెలివైన బేరమంటున్నారు! షమీ ఆ ఏడాది తీసింది 6 వికెట్లే, వదులుకోవడం తప్పనను. కానీ వేలంలో డబ్బు అందరి దగ్గరా ఉంటుంది. లక్నో బెంచీ మీద కూర్చోనున్న, మనకి పేరు కూడా తెలీని పిల్లోణ్ణొకణ్ణి అడగొచ్చు గదా?