ముఖం కూడా అమానతే



మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్ చేసే కొడుకు ఇల్లు చేరేదాకా మన అమ్మీలు మేలుకునే ఉంటారు. యాక్సిడెంట్ భయం ఒకటి. పైకి చెప్పుకోలేని భయం ఇంకొకటి: నాకాబందీలో ఆపి, పేరు అడిగి, ఫోటో తీస్తే? ఈ మాట ఎత్తగానే మన బుజుర్గులే అంటారు: "గునా చేయనివాడికి ఖౌఫ్ ఎందుకు బేటా?"

ఈ దలీల్ ఎంత బోదాదో మనకంటే బాగా ఎవరికి తెలుసు? 2007 మే 18న, జుమా రోజు, మక్కా మసీదులో బాంబు పేలింది. తర్వాత పట్టుకెళ్లిన మన నౌజవాన్లు అదాలత్‌లో బరీ అయ్యారు. 2012లో హుకూమత్ పరిహారం ఇచ్చింది. మరుసటి ఏడాది హైకోర్టు అది చెల్లదంది. వాళ్లు బేగునా అని తేలేసరికి చదువులు, నౌకరీలు, ఇంటి ఇజ్జత్ అన్నీ పోయాయి. అప్పుడు షక్ చేయడానికి మనిషి కావాల్సి వచ్చింది. ఇప్పుడా పని మెషీన్‌కు అప్పగించారు.

2018 నుంచి తెలంగాణ పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌లో ముఖాలను పోల్చే వ్యవస్థ ఉంది. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరిచారు. దీనికి కానూన్ ఏది? 2013 నాటి ప్రజా భద్రతా చట్టం వంద మంది చేరే చోట కెమెరా పెట్టమంటుంది, 30 రోజులు రికార్డింగ్ దాచమంటుంది. కెమెరా పెట్టడం వేరు, దారిన పోయేవాడి ముఖాన్ని ముజ్రిముల లిస్టుతో పోల్చడం వేరు. 2022లో పార్లమెంటు తెచ్చిన సఖ్త్ గుర్తింపు చట్టం కూడా ముఖ్యంగా శిక్ష పడినవాళ్లు, అరెస్టయినవాళ్ల గురించే. మిగతావాళ్ల కొలతలు కావాలంటే మెజిస్ట్రేట్ హుకుం ఉండాలి.

2021 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ పోలీసులు ఒక సామాజిక కార్యకర్తను ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన ఒప్పుకోకపోయినా ఫోటో తీశారు. ఆయన హైకోర్టు మెట్లెక్కారు. 2022 జనవరిలో హుకూమత్‌కు నోటీసులు వెళ్లాయి. ఆయన అడిగింది కొత్త హక్ కాదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచ్ ప్రైవసీ ప్రాథమిక హక్కని తేల్చింది. హుకూమత్ అందులో దఖల్ ఇవ్వాలంటే చట్టం ఉండాలి, జాయజ్ మక్సద్ ఉండాలి, హద్దు దాటకూడదు. ఇక్కడ మొదటి షర్తే పూరా కాలేదు.

హైటెక్ సిటీలో మన పిల్లలు చేసే పని చూడండి. అమెరికా క్లయింట్ డేటాలో ఒక్క వరుస ముట్టుకోవాలన్నా పర్మిషన్, లాగ్, ఆడిట్. అదే పిల్లవాడు గేటు దాటి రోడ్డెక్కితే అతని ముఖానికి ఆపాటి హిఫాజత్ కూడా లేదు. 2023 డేటా చట్టం ఉంది కదా అంటారా? నేరాల నివారణ, దర్యాప్తు అంటే చాలు, అందులోని చాలా షర్తుల నుంచి మినహాయింపే. టెక్నాలజీకి మక్కా అనుకునే శాన్‌ఫ్రాన్సిస్కో నగరమే 2019లో తన పోలీసులకు ఈ మెషీన్‌ను మనా చేసింది. తయారుచేసేవాళ్లకే దాని ఐబ్‌లు తెలుసు.

కెమెరాలే వద్దనడం లేదు. రాత్రిపూట గచ్చిబౌలి నుంచి వచ్చే మన బేటీలకూ హిఫాజత్ కావాలి. కాని పహరా వేరు, తజస్సుస్ వేరు. సూరె హుజురాత్ 12వ ఆయత్ తజస్సుస్‌ను మనా చేసింది. హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి గోడెక్కి ఒకడి గునాను పట్టుకున్నారట. "నేను చేసింది ఒక తప్పు, మీరు చేసినవి మూడు: తజస్సుస్ చేశారు, దర్వాజా నుంచి రాలేదు, సలాం చెప్పలేదు" అన్నాడట అతను. ఖలీఫా అతన్ని వదిలేశారని రివాయత్. ఖలీఫాకే లేని ఇఖ్తియార్ ఒక యాప్‌కు ఎలా వచ్చింది?

మన ముతాలబా సీదా. అసెంబ్లీలో బహస్ జరిగి చట్టం వచ్చేదాకా ముఖాల పోలిక బంద్ చేయాలి. చట్టం వస్తే అందులో అదాలత్ ఇజాజత్ ఉండాలి, బేగునాల ఫోటోలు మిటాయించే గడువు ఉండాలి, తప్పు జరిగితే జవాబుదారీ ఉండాలి. పాతబస్తీకైనా గచ్చిబౌలికైనా ఒకటే ఖాయిదా.

ప్రతి మసీదు కమిటీ తన ఎమ్మెల్యేకు ఒక ఖత్ రాయాలి. పిల్లలకు అదబ్‌తో పాటు సవాల్ నేర్పండి: "సార్, ఏ కానూన్ కింద తీస్తున్నారు?" 2007లో మన ఖామోషీ ఎవరినీ కాపాడలేదు.