పురపాలక బడికి జవాబుదారు ఎవరు?

1919లో ఏర్పడిన పాలకొల్లు పురపాలక సంఘం వంటి స్థానిక సంస్థలకు బడుల మీద ఉన్న అధికారాన్ని 2022 జూన్‌లో వెలువడిన జీవో 84 రెండుగా చీల్చింది. బోధన పర్యవేక్షణ, ఉపాధ్యాయుల సర్వీసు వ్యవహారాలు పాఠశాల విద్యాశాఖకు వెళ్లగా, భవనాలు, స్థలాలు పురపాలక సంఘాల ఆస్తిగానే మిగిలాయి. దీంతో పాఠం చెప్పించేది ఒకరు, పైకప్పు బాగుచేయించేది మరొకరు అయ్యారు. వానాకాలంలో నీరు నిలిచే పాలకొల్లు వంటి డెల్టా పట్టణాలలో ఆ రెండూ వేర్వేరు పనులని భావించడం కాగితం మీదనే సాధ్యం.

అయితే 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 9వ సెక్షన్ స్థానిక సంస్థను బాధ్యత నుంచి తప్పించలేదు. తన పరిధిలోని పద్నాలుగేళ్ల లోపు పిల్లల వివరాలు నమోదు చేయడం, వారు బడిలో చేరి హాజరై చదువు పూర్తిచేసేలా చూడడం, బడుల పనితీరును గమనించడం దాని విధులేనని ఆ సెక్షన్ చెబుతోంది. తల్లిదండ్రులే మూడొంతులు, అంటే నూటికి 75 మంది, ఉండే యాజమాన్య కమిటీలను 21వ సెక్షన్ ఏర్పరచింది. ఈ కమిటీ తీర్మానం అటు విద్యాశాఖకు, ఇటు పురపాలక కమిషనర్‌కు చేరినా, ఎన్ని రోజుల్లో ఎవరు బదులివ్వాలో స్పష్టంగా నిర్ణయించకపోతే ఫైలు రెండు కార్యాలయాల మధ్య తిరుగుతూనే ఉంటుంది. వార్డుల వారీగా పిల్లల నమోదు పట్టికను ఏటా జూన్‌కు ముందే ప్రకటించి, మరమ్మతుల కేటాయింపును దానితో జతచేసేందుకు పురపాలక సంఘానికి కొత్త జీవో ఏదీ అక్కర్లేదు.