కచేరికై కాచుకొనువారు

డిసెంబరు మాసము సమీపించుచుండగా, నేడు చెన్నై యనబడు మద్రాసు నగరమున సంగీత రసికుల యిండ్లలో ఒక విధమైన సంచలనము పుట్టును. ఏ సభలో ఏనాడు ఎవరి పాట, ప్రక్కన వయొలిన్ ఎవరిది, మృదంగ మెవరిది, ఒకే సాయంకాలము రెండు కచేరీలు పడినచో దేనిని విడువవలెను అని చర్చలు సాగును. 1927లో కాంగ్రెసు మహాసభలతోపాటు అచట జరిగిన అఖిల భారత సంగీత సమావేశము ఫలితముగా 1928లో మ్యూజిక్ అకాడమీ ఆవిర్భవించినది. నాటి డిసెంబరు ఆనవాయితీ నేటికిని చెడలేదు. ఈ ముచ్చట విన్న మనవారు కొందరు నిట్టూర్చి, "మన చక్రాయపేట వంటి చోట అట్టి రసికులెక్కడ, అట్టి ఎదురుచూపెక్కడ?" అందురు. ఇట్లనువారిలో చదువుకొన్నవారే ఎక్కువ. ఈ మాట కొంత పరిశీలింపదగినది.

చక్రాయపేట గానసభలకు పేరుపడిన ఊరు కాదు. అది నిజము. కాని ఆ మండలములోనే గండి క్షేత్రమున్నది. పాపఘ్ని నది కర్ణాటక దేశమున పుట్టి, మెట్టభూముల గుండ వచ్చి, ఇచట కొండను చీల్చుకొని పోవును. ఆ చీలికయే గండి. ఒడ్డున వీరాంజనేయస్వామి ఆలయము. శ్రీరాముడు తన బాణపు మొనతో ఆంజనేయుని రూపమును రాతిపై గీచెననియు, చిటికెనవ్రేలు మాత్రము పూర్తికాక నిలిచిపోయెననియు స్థలపురాణము. శ్రావణ శనివారములలో ఇచటికి వేంపల్లె, పులివెందుల, రాయచోటి ప్రాంతములనుండియే గాక, అనంతపురము వైపునుండియు, కన్నడ సీమనుండియు జనము వత్తురు. వచ్చువారందరును మొక్కుబడులకే రారు. భజన వినుటకు వచ్చువారును గలరు. వీరి లెక్క ఎవ్వరును తీయరు. వీరికి రసికులను బిరుదునెవ్వరు నీయరు.

సీమ పల్లెలలో చెక్కభజన నెరిగినవారికి ఆ ఎదురుచూపు ఎట్టిదో తెలియును. పొలముల పనులలో కొంత తెరపి దొరికిన సాయంకాలములందు, రామాలయము ముంగిట, గురువు తాళము పట్టుకొని నిలుచును. పిల్లలు, పెద్దలు వలయముగా చేరి, కాళ్లకు గజ్జెలు, చేత చెక్కలు ధరించి అడుగు నేర్చుకొందురు. ఒక్క అడుగు తప్పినను పాట ఆగును, మరల మొదటినుండి. ఈ శిక్షణ ఒకనాటితో ముగియదు, నెలల కొలది సాగును. చూచువారు అరుగులపై కూర్చుండి చూతురు. కనుకనే తిరునాళ్ల నాడు పొరుగూరి బృందము అడుగు మార్చిన క్షణముననే "ఈ యడుగు మనకు లేదు సుమా" అని గుర్తింపగలుగుదురు. ఏ గురువు శిష్యులు దరువు నెట్లెత్తుకొందురో, ఏ ఊరివారు రామాయణ ఘట్టమును బాగుగా పాడుదురో, ఏ ఊరివారికి అడుగు మంచిదై కంఠము తక్కువో, అన్నియు వారికి తెలియును. ప్రక్కవాద్యము ఎవరిదని విచారించు మద్రాసు రసికునికిని, "ఈ యేడు మద్దెల ఎవడు కొట్టును రా?" అని అడుగు ఈ వృద్ధునికిని రసికత్వమున భేదమేమి? ఒకరికి అచ్చువేసిన కార్యక్రమ పత్రిక యున్నది, ఒకరికి లేదు.

ఎదురుచూచుట వ్యర్థకాలక్షేపమని పలువురి అభిప్రాయము. సంగీత విషయమున అది చెవిని సిద్ధము చేయు పని. ఇందుకు తిరువయ్యారు ఉదాహరణము. త్యాగరాజస్వామి 1847లో పుష్య బహుళ పంచమినాడు సిద్ధి పొందెను. ఏటేట ఆ తిథినాడు కావేరి ఒడ్డున విద్వాంసులు బారులు తీరి కూర్చుండి, నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగములలోని పంచరత్న కీర్తనలను ఏకకంఠముగా పాడుదురు. ఆ పాటలో క్రొత్తదనమేమియు లేదు. ఏ కీర్తన తరువాత ఏది వచ్చునో అందరికిని తెలియును. అయినను అది వినుటకై సంవత్సరమంతయు కాచుకొనువారున్నారు. వారిలో పెక్కురు వినుటయే గాక, తమ చోటనే కూర్చుండి గొంతు కలుపుదురు. ఆ యైదింటిలో మొదటిది సంస్కృతమున నున్నది, తక్కిన నాలుగును తెలుగున నున్నవి. తెలుగు మాతృభాష కాని వేలాది జనులు అక్షరమక్షరము వల్లించి నేర్చుకొని ఆ నాడు పాడుచుండగా, ఆ మాటలు అమ్మ నోట విన్నంత సులభముగా అర్థము చేసికొనగల పులివెందుల, జమ్మలమడుగు విద్యార్థులలో ఒక్క కీర్తన మొదలైన వినియుండినవారు ఎందరు? ఇది వారి తప్పు కాదు. ఎదురుచూడవలసినది ఒకటి కలదని వారికి ఎవ్వరును చెప్పలేదు.

ఆ తిరువయ్యారు వేదికకును ఒక చరిత్ర కలదు. దానిని మన బాలికలకు చెప్పుట మరింత అవసరము. బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) దేవదాసీ కులమున పుట్టిన గాయని. శిథిలమై యున్న త్యాగరాజ సమాధి స్థలమును చూచి మనసు కలగి, తాను గడించిన ధనమును వెచ్చించి ఆలయము కట్టించినది. 1925లో అది ప్రతిష్ఠితమైనది. కాని ఆరాధన నడుపు పురుషులు స్త్రీలను పాడనిచ్చువారు కారు. కట్టించిన గుడిలో కట్టించినామెకు పాడుటకు చోటు లేదు! ఆమె అలిగి ఇంట కూర్చుండలేదు. స్త్రీల చేతనే వేరుగా ఆరాధన జరిపించినది. 1941లో పక్షములన్నియు ఏకమైన పిదప గాని అందరికిని ఒకే వేదిక యేర్పడలేదు. నేడు ఆ బారులలో కూర్చుండి పాడు ఆడుబిడ్డ లందరును ఆమె కాచుకొన్న ఏండ్ల ఫలమును అనుభవించుచున్నవారే. కాచుకొనుట యన్న చేతులు ముడుచుకొని యుండుట యని తలచువారు ఈ వృత్తాంతమును ఒకసారి చదువవలెను.

కావేరి దాక పోనక్కరలేదు. మన సీమలోనే ఇంతకంటె విచిత్రమైన కథ కలదు. రాజంపేట సమీపమున తాళ్లపాకలో 1408లో జన్మించిన అన్నమాచార్యుడు 1503 వరకు జీవించి, 32,000 సంకీర్తనలు రచించెనని ప్రసిద్ధి. కుమారుడు పెద తిరుమలాచార్యుడు వానిని రాగి రేకులపై చెక్కించెను. అంత శ్రద్ధ చేసినను ఏమైనది? తిరుమల ఆలయములోని చిన్న అరలో అవి శతాబ్దుల తరబడి పడియుండెను. 1922 ప్రాంతమున అవి లోకము దృష్టికి వచ్చినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు వానిని చదివి ప్రకటించుటకై శ్రమించిరి. దాదాపు 12,000 సంకీర్తనలు దక్కినవి. రేకులపై సాహిత్యమున్నది, రాగముల పేర్లున్నవి. వరుసలు మాత్రము లేవు. పాడువాని నోట నుండి వినువాని చెవికి, ఆ చెవి నుండి మరియొక నోటికి నడువవలసిన వరుస ఏనాడో ఎచటనో తెగిపోయినది. రాగి నిలిచినది, పాట నిలువలేదు.

అనంతపురము మండలమున పుట్టి, మైసూరు మహారాజా కళాశాలలో చిరకాలము తెలుగు బోధించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) ఆ రేకులలోని మాటలకు మరల స్వరము కూర్చిన మొదటివారిలో ముఖ్యుడు. 1974లో మ్యూజిక్ అకాడమీవారు ఆయనను సంగీత కళానిధిగా సన్మానించిరి. తెలుగు పంతులు ఒకరు సంగీత కళానిధి యగుట మన ఉపాధ్యాయులు జ్ఞాపకముంచుకొనవలసిన విషయము. నేడు ఇంటింట మ్రోగుచున్న అన్నమయ్య పాటలకు వరుసలు గత నూరేండ్లలోపు కట్టబడినవే. అన్నమయ్య తాను పాడిన తీరు ఏదో మనకు ఎన్నటికిని తెలియదు. వినువారు లేనిచో పాట గతి ఏమగునో చెప్పుటకు కడపసీమ కంటె మంచి సాక్షి లేదు.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. ఆ కాలమున యంత్రములు లేవు గనుక వరుసలు నశించినవి. నేడు చేతిఫోనులో లోకములోని పాట యంతయు ఇమిడియుండగా తిరునాళ్లకు, కచేరీలకు కాచుకొననేల? ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. 1948లో విజయవాడ రేడియో కేంద్రము మొదలైనప్పుడును పెద్దలు కొందరు ఇట్లే భయపడియుందురు. కాని భక్తిరంజని వంటి కార్యక్రమములు పల్లెటూరి ఇండ్లలోనికి మంచి సంగీతమును తెచ్చినవి; 1963 నుండి కడప కేంద్రమును ఆ సేవ చేసినది. యంత్రము సంగీతమునకు శత్రువని ఎవరైన అన్నచో అది అన్యాయము. ఒక్క భేదము మాత్రము గమనింపవలెను. రేడియో నాడు పాటకొక వేళ యుండెను. ఆ వేళకు పని ముగించుకొని, పిల్లల అల్లరి మాన్పించి, పొరుగువారిని పిలిచి కూర్చుండవలసి వచ్చెను. చేతిఫోనుకు వేళ లేదు. కనుకనే మొదలుపెట్టిన పాట ముగియకముందే వ్రేలు మరియొక పాటపై పడును.

మరియొక సంగతి. మన సంగీతమున సగము ముందుగా వ్రాసియుంచినది కాదు. ఆలాపన, నెరవు, కల్పనస్వరము అనునవి అప్పటికప్పుడు పుట్టునవి. ఎదుట కూర్చున్నవాని తల ఊగినచో గాయకుడు రాగమును ఇంకొక మలుపు త్రిప్పును. ఆవులించినచో చప్పున కీర్తనలో పడును. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనిమిదేండ్ల ప్రాయమున విజయవాడ త్యాగరాజ ఆరాధనోత్సవములలో పూర్తి కచేరి చేసెను. బాలుని గొప్పతనము ఎంతయో, ఎనిమిదేండ్ల పసివానిని వేదికపై కూర్చుండబెట్టి, పెద్ద విద్వాంసుని విన్నట్లు ఓపికగా విన్న ఆ సభ గొప్పతనమును అంతయే. ఆ శ్రోతల పేర్లు ఏ గ్రంథమునను లేవు.

ప్రొద్దుటూరువారికి ఈ విషయము వేరుగా చెప్పనక్కరలేదు. అచట ఉపాధ్యాయులుగా పనిచేసిన పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) సభకు వచ్చినచో శ్రోతలు ఊరకుండెడివారు కారు. 'శివతాండవము' వినిపింపుమని పట్టుపట్టెడివారు. అచ్చులో అది అందరికిని దొరకునదే. చాలమందికి కంఠస్థము కూడ. అయినను ఆయన నోట, ఆ తాళముతో, ఆ ఊపుతో విననిదే తృప్తి లేకుండెను. చదివిన కావ్యమును మరల కవి నోట వినుటకై బెంచీలపై ఇరుకుకొని కూర్చున్న ఆ విద్యార్థులను వెఱ్ఱివారని ఎవరనగలరు?

నేటి తిరునాళ్ల సంగతి చెప్పవలసినచో కొంత కఠినముగానే చెప్పవలెను. పలు చోట్ల సజీవముగా పాడు బృందములకు ఒక మూల చూపి, నడిమి స్థలమున పెద్ద పెద్ద ధ్వనివర్ధకములు నిలిపి, సినిమా పాటల ముద్రికలను మ్రోగించుచున్నారు. ఆ హోరులో భజన గురువు తాళము తన శిష్యులకే వినబడదు. నాదస్వర విద్వాంసుని పిలిచినను ఊరేగింపు కదలువరకు మాత్రమే. ఖర్చు తగ్గుననునది ఒక సాకు; ధ్వనివర్ధకముల అద్దెయు, విద్యుత్తు ఖర్చును కూడి చూచినవారు ఆ మాట అనజాలరు. ప్రజలు ఇదియే కోరుచున్నారనునది రెండవ సాకు. ప్రజలకు వినిపింపకయే వారి కోరికను నిర్ణయించుట ఏమి న్యాయము?

పాఠశాలల విషయము మరియొక తీరు. భజనకు పోయిన విద్యార్థి చదువు చెడునని తల్లిదండ్రులు అందురు; పంతుళ్లు తల ఊపుదురు. పంచాంగము చూచినచో ఈ భయము ఎంతవరకు సరియైనదో తెలియును. అన్నమయ్య వర్ధంతి ఫాల్గుణ బహుళ ద్వాదశి. పరీక్షల కాలమునకు దగ్గర, ఒప్పుకొనవలసినదే. కాని జయంతి వైశాఖ పూర్ణిమ. బడులకు వేసవి సెలవులు! ఆ దినము తాళ్లపాకకు పిల్లలను తీసికొనిపోవుటకు ఏ పాఠము అడ్డు? త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమి. సంక్రాంతి పండుగకు కొంచెము ముందు వెనుకలుగా వచ్చును. ఆనాడు తరగతిలో ఒక్క గంట, ఉపాధ్యాయుడు నాలుగు తెలుగు కీర్తనలలో ఒకదానికి అర్థము చెప్పి, పిదప దానిని వినిపించినచో ఆ ఫోనునకును ఒక సార్థకత కలుగును. వచ్చు ఏటి పంచమికై ఎదురుచూచు పిల్లలు తరగతికి ఇద్దరు తయారైనను అది తక్కువ ఫలము కాదు.

గండి శనివారములు మాత్రము బడి నడచు రోజులలోనే వచ్చును. దీనికి పరిష్కారము పెద్దదేమియు కాదు. ఊరి భజన గురువు శిష్యులకు అడుగు నేర్పుటకు చాల చోట్ల రామాలయము ముంగిటి కొద్ది స్థలము తప్ప వేరొకటి లేదు. వాన వచ్చినచో అదియు లేదు. సాయంకాలము నాలుగు గంటలు కొట్టిన పిదప బడి వరండా ఖాళీగానే యుండును. ఆషాఢ మాసమున వారమునకు రెండు సాయంకాలములు ఆ వరండాను ఆ గురువునకు విడిచియిచ్చుటకు ప్రధానోపాధ్యాయుని మాట చాలును. పిల్లలలో ఆడదలచినవారు ఆడుదురు, తక్కినవారు మెట్లపై కూర్చుండి చూతురు. శ్రావణము వచ్చునాటికి గండిలో ఏ ఊరి బృందమునకై కాచుకొనవలెనో వారే చెప్పుదురు.