ఎర్రబస్సెక్కి ఇంబర్‌కి

"ఎర్రబస్సెక్కి వచ్చాడు" అని ఎవర్నైనా తీసిపారేస్తుంటే నాకు ప్రాణం చివుక్కుమంటుందండీ. మా ఇంట్లో అందరికీ అన్నం పెట్టింది ఆ ఎర్రబస్సే మరి. నాన్న గుడివాడ డిపోలో ముప్పయ్యేళ్లు కండక్టరు. అందుకే ఆయన ఇంగ్లండులో మా ఇంటికి వచ్చినప్పుడు ఏం చూపించాలా అని తర్జనభర్జన పడలేదు. ఆగస్టులో ఓ శనివారం పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని, తిన్నగా వార్‌మిన్‌స్టర్ రైలెక్కించాను.

వార్‌మిన్‌స్టర్ అంటే విల్ట్‌షైర్‌లో ఓ చిన్న పట్నం. ఏడాదికొక్కసారి ఆ స్టేషన్ దగ్గర లండన్ ఎర్రబస్సులు బారులు తీరతాయి. పాతబస్సులంటే పడిచచ్చేవాళ్లు కొందరు 2009లో మొదలుపెట్టిన ముచ్చట ఇది. సొంత డబ్బుతో బస్సు కొనుక్కుని, బోల్టు బోల్టూ బాగుచేసుకుని, ఆ ఒక్కరోజు జనాన్ని ఎక్కించుకుని తిప్పుతారు. లండన్ రవాణా కమిషనర్‌గా చేసిన పీటర్ హెండీ కూడా ఇక్కడ స్టీరింగ్ పట్టే మనిషే. వచ్చిన డబ్బులో కొంత, ఆ బస్సులు వెళ్లే ఊళ్లోని చర్చికి ఇస్తారు.

నాన్న చటుక్కున ఎక్కలేదు. ముందు చుట్టూ ఓ ప్రదక్షిణ చేశాడు. చెయ్యి చాచి రేకు మీద తట్టి, "ఇది ఇనుము కాదే అమ్మాయ్" అన్నాడు. నిజమే, అల్యూమినియం. ఈ రూట్‌మాస్టర్ బస్సు మొదటిసారి జనాన్ని ఎక్కించుకుంది 1956లో. మొత్తం 2,876 బస్సులు కట్టారు. రోజువారీ సర్వీసుల్లోంచి తప్పించింది 2005లో. అంటే ఇంచుమించు యాభై ఏళ్ల సర్వీసు! విడిగా ఛాసీ చేసి దాని మీద బాడీ కూర్చోబెట్టడం అనేది ఇందులో లేదు, బాడీయే బరువంతా మోస్తుంది. ఆ పనితనం ఎక్కడ అబ్బిందంటే, రెండో ప్రపంచయుద్ధంలో లండన్ బస్సుల సంస్థ హాలిఫాక్స్ బాంబరు విమానాలు కట్టింది. విమానం రెక్కల దగ్గర నేర్చిన విద్య బస్సు గోడల్లోకి వచ్చింది. ఈ యుద్ధం మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

డ్రైవరు ముందు ఓ చిన్న గూట్లో ఒంటరిగా కూర్చుంటాడు. అతనికి మనతో పనిలేదు, మనకి అతనితో మాటలేదు. వెనకాల తలుపులేని ఫుట్‌బోర్డు, పట్టుకోడానికి కడ్డీ, అక్కడ కండక్టరు. ఇద్దరికీ మధ్య ఉన్న భాషల్లా గంటే. కింది అంతస్తులో సీట్ల పైన, కప్పు పొడవునా ఓ తాడు కట్టి ఉంటుంది. ఒక్కసారి లాగితే ఆపు, రెండుసార్లయితే పోనీ, మూడుసార్లయితే బస్సు నిండింది, ఇంక ఎక్కడా ఆపొద్దు. నాన్నకి ఇవేవీ నేను చెప్పక్కర్లేకపోయింది. "టింగ్ టింగ్" వినగానే నోట్లోంచి "రైట్ రైట్" వచ్చేసింది. కండక్టరు వేషంలో ఉన్న పెద్దాయన వెనక్కి తిరిగి నవ్వాడు. భాష తెలియకపోయినా సాటి కండక్టరుని గుర్తుపట్టేశాడు.

ఊరు దాటాక బస్సు సాల్స్‌బరీ మైదానంలోకి పోయింది. కనుచూపు మేర గడ్డి. ఇల్లూ లేదు, పొలం గట్టూ లేదు. దారి పక్కన తుప్పుపట్టిన యుద్ధట్యాంకులు, పేలని గుండ్లు ఉంటాయి రోడ్డు దిగొద్దని బోర్డులు. అదంతా సైన్యం శిక్షణకి వాడుకునే నేల. మేడమీద ముందుసీట్లో కూర్చున్న నాన్న, "ఈ రూట్లో కలెక్షనెక్కడిదే?" అన్నాడు.

ఆ రూటు చివర ఉన్న ఊరి పేరు ఇంబర్. 1943 నవంబరు ఒకటో తారీఖున ఊళ్లోవాళ్లని బడిలోకి పిలిచి, 47 రోజుల్లో ఖాళీ చెయ్యాలన్నారు. యూరప్ మీదికి దిగబోయే అమెరికా సైనికుల శిక్షణకి ఊరు కావాలన్నారు. నూట యాభైమంది దాకా ఉండేవాళ్లు. యుద్ధమైపోయాక వచ్చేస్తాంగా అనుకుని వెళ్లారు. యుద్ధం అయిపోయింది. ఊరు మాత్రం తిరిగివ్వలేదు. ఆ ఊరి కమ్మరి తన దాగలి మీద వాలి ఏడ్చాడని, వేరేచోట కొద్దివారాలకే పోతే ఇక్కడికే తెచ్చి మట్టిచేశారని చెప్పుకుంటారు. చూశారా, ఆ యుద్ధమే ఈ బస్సుకి బాడీ ఇచ్చింది, ఈ ఊరికి ఊపిరి తీసింది.

మిగిలింది సెయింట్ గైల్స్ చర్చి, కొన్ని ఇళ్ల గోడలు, బెల్ ఇన్ అనే మూతబడ్డ పాత పబ్బు. చర్చి గోపురం లోపలి గోడ మీద, ఏ వరసలో గంటలు కొట్టాలో పదిహేడో శతాబ్దంలో రాసి పెట్టుకున్నారు. నాన్న దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

గడ్డిలో కూర్చుని పులిహోర తింటుంటే నైట్‌హాల్ట్ కబుర్లు మొదలయ్యాయి. రాత్రి ఆఖరి ట్రిప్పుకి ఏదో పల్లెకి వెళ్లి, రచ్చబండ దగ్గర బస్సు పెట్టుకుని అందులోనే పడుకుని, తెల్లారగట్ల ఫస్ట్‌ట్రిప్పు తీసేవాడు. "బస్సు రాని ఊరికి పిల్లనివ్వడానికి ఆలోచించేవాళ్లే" అన్నాడు. అప్పుడర్థమైంది నాకు. ఏడాదికి ఒక్కరోజైనా ఇక్కడికి బస్సు తేవడమంటే, ఇది ఇంకా ఊరేనని చెప్పడం.

మన దగ్గరా జాగ్రత్త పెట్టుకున్నది ఒకటుంది. నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు సర్వీసులు మొదలుపెట్టినప్పటి ఆల్బియన్ బస్సు హైదరాబాద్ బస్ భవన్‌లో ఉంది. సంతోషమే. కానీ సికింద్రాబాద్ నుంచి జూపార్కుకి వెళ్లిన 7జెడ్ డబుల్ డెక్కర్, మా ఊళ్లకి దుమ్ము రేపుకుంటూ వచ్చిన ఎర్రబస్సు, వీటిల్లో ఒకటీ అరా అయినా బాగుచేసి ఏడాదికోసారి రోడ్డెక్కించాలని నా కోరిక. బస్సుని చూస్తే సరిపోదండీ, ఎక్కాలి. సీటు కింద ఇంజను అదురు ఒంటికి తెలియాలి.

సాయంత్రం తిరుగుబస్సు. అందరం ఎక్కేశాం. నాన్న పైకి రాలేదు, ఫుట్‌బోర్డు పక్కనే నిలబడ్డాడు. పెద్దాయన తాడు మీద చెయ్యి వేశాడు కానీ లాగలేదు. ఇద్దరూ ఒకేసారి కడ్డీ పట్టుకుని బయటికి వంగి, చర్చి వైపు రోడ్డంతా చూశారు. ఆఖరి బస్సుకి ఎవరో ఒకరు సంచీ పట్టుకుని పరిగెత్తుకొస్తారు. ఏ ఊళ్లోనైనా వస్తారు. కండక్టరన్నవాడు అది చూడకుండా గంట కొట్టడు.

ఎవరూ రాలేదు. ఇంకో క్షణం చూసి, అప్పుడు లాగాడాయన, రెండుసార్లు.