కూలర్ హోరే మాకు జోల



చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం ఉంటేనే మంచి నిద్ర పడుతుందని గత సంచికలో వ్యాసకర్త రాశారు. మా ఒంటిమిట్టలో అది కుదిరే పని కాదు. ఒకపక్క ముంబయి–చెన్నై లైను రైళ్లు, మరోపక్క కడప–తిరుపతి రోడ్డు మీద లారీలు. అయినా ఎండాకాలం కూలర్ వేసుకుంటే హాయిగా నిద్ర పడుతోంది. చల్లదనం ఒక్కటే కారణం కాదు. మనల్ని ఉలికిపడేలా చేసేది చప్పుడులోని హెచ్చుతగ్గులే. ఫ్యాను హోరు, గడ్డి మీద నీళ్లు కారే సవ్వడి ఒకే తీరున సాగుతుంటే మధ్యలో మోగే హారన్ అందులో కలిసిపోతుంది.

అలాగని ఫోన్‌లో వాన చప్పుడు పెట్టి చెవి పక్కన ఉంచుకోమనను. మంచానికి దూరంగా, మెల్లగా వినిపిస్తే చాలు. పసిపిల్లలున్న గదిలో మరీ జాగ్రత్త.

ఇంకో మాట. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్ద పరిమితి 45 డెసిబెల్స్ అని 2000 నాటి నియమాలు చెబుతున్నాయి. కూలర్ చాటున నిద్రపోతున్నాం కదా అని అర్ధరాత్రి డీజేలను చూస్తూ ఊరుకోకూడదు. వ్యాసకర్త ఆ సంగతీ ప్రస్తావించి ఉండాల్సింది.

– ఒక పాఠకుడు, ఒంటిమిట్ట