పిల్లోడి వట్టలు దిగలేదా? సిగ్గు పక్కనబెట్టండి

ఇలాంటి మాటలు పత్రికలో రాస్తారా అని కొందరు ముక్కున వేలేసుకుంటారు. వేసుకోనీండి. డాక్టర్లు వృషణాలంటారు, చదువుకున్నోళ్ళు బీజాలంటారు, మన వాడలో వట్టలంటాం. మన ఒంటికి మన నోట్లో ఉన్న పేరు బూతని మనకు నేర్పిందెవరు? పేరు పలకడానికే నోరు రాకపోతే జబ్బు గురించి ఎవర్ని అడుగుతాం? అందుకే వట్టలనే రాస్తున్నాం.

విషయం ఇది. తల్లి కడుపులో మగబిడ్డ వట్టలు పొట్ట లోపల తయారవుతాయి. నెలలు నిండేలోగా గజ్జల దారిన దిగి సంచిలోకి చేరతాయి. కొందరికి ఒకటి, అంతకంటే తక్కువమందికి రెండూ, దారిలోనే ఆగిపోతాయి. నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి ముగ్గురి దాకా ఇలా ఉంటారు. నెలలు నిండకుండా పుట్టినోళ్ళలో నూటికి 30 మంది దాకా ఉంటారు. తూకం తక్కువ బిడ్డల్లోనూ ఎక్కువే. నిండు చూలాలై కూడా నాట్లకు వంగేది ఎవరు? కడుపుతో ఉండి కడుపునిండా తిననిది ఎవరు? ఈ జబ్బు ఏ కులం బిడ్డకైనా వస్తుంది. కానీ నెలలు తక్కువ బిడ్డలు ఏ ఇళ్ళలో ఎక్కువ పుడతారో మనకు తెలుసు.

చాలామందికి మొదటి ఆరు నెలల్లో వాటంతట అవే దిగుతాయి. ఆరు నెలలు దాటితే ఇక దిగవనే లెక్క. అప్పుడు చిన్న ఆపరేషన్ చెయ్యాలి. గజ్జల దగ్గర కోసి, వట్టను కిందికి తెచ్చి సంచిలో నిలబెట్టి కుడతారు. ఆరు నెలలకూ ఏడాదిన్నరకూ మధ్య చేయించమని పిల్లల సర్జన్లు చెబుతున్నారు. ఎందుకంత తొందర? సంచి పొట్టకంటే చల్లగా ఉంటుంది. వట్టకు ఆ చల్లదనం కావాలి. లోపలి వేడికి ఏళ్ళ తరబడి ఉంటే అది చెడుతుంది. రెండూ దిగకపోతే రేపు పిల్లలు పుట్టడమే కష్టం కావచ్చు. ఒకటే అయితే చాలామంది తండ్రులవుతారు.

కాన్సర్ భయం కూడా ఉంది. స్వీడన్‌లో ఈ ఆపరేషన్ అయిన దాదాపు 17 వేల మందిని ఏళ్ళ తరబడి గమనించి 2007లో లెక్కలు అచ్చేశారు. 13 ఏళ్ళలోపు ఆపరేషన్ అయినోళ్ళకు వట్ట కాన్సర్ మామూలోళ్ళకంటే రెండింతలు, 13 దాటాక అయినోళ్ళకు ఐదింతల పైన కనబడింది. అసలు ఆ కాన్సరే అరుదు, బెంబేలు పడక్కర్లేదు. ఆలస్యం మాత్రం మంచిది కాదు.

మరి మన దగ్గర ఆలస్యం ఎందుకవుతోంది? ముందు తల్లిని పట్టుకుంటారు. గ్రహణం నాడు కదిలావనీ, తినకూడనిది తిన్నావనీ అత్త సాధిస్తుంది. తండ్రికి నలుగురిలో తలకొట్టేసినట్టుంటుంది. "వాడు మగాడేనా?" అని రచ్చబండ దగ్గర ఎవడో అంటాడని నోరు విప్పడు. బిడ్డకు స్నానం చేయించే తల్లికి అన్నీ తెలుసు, చెప్పుకోను మనిషి లేదు. కూలీ నాలీ చేసి బతికే ఆడమనిషికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఇక్కడ మన మగోళ్ళకు ఒక మాట. అంటరానితనం మీద మైకు పట్టుకుని మాట్లాడే నోటితోనే ఇంకొకణ్ణి "కొజ్జా" అని తిడుతున్నామా లేదా? పుట్టుకను బట్టి మనిషిని తక్కువ చెయ్యడమేగా మనం ఎదిరించేది! ఆ తిట్టుకు భయపడే తండ్రి బిడ్డను దాస్తున్నాడు.

తర్వాత నాటు వైద్యం. నూనె రాసి లాగితే వట్ట దిగదు, తాయెత్తుకు దిగదు. దింపుతామని సూదులు పొడిచి డబ్బు గుంజేవాళ్ళుంటారు. హార్మోన్ సూదులు వద్దనీ, సర్జన్‌కు చూపించేముందు స్కానింగ్ అక్కర్లేదనీ అమెరికా యూరాలజీ డాక్టర్ల సంఘం 2014లోనే చెప్పింది. చేత్తో చూసి చెప్పగలిగేదానికి అప్పు చేసి స్కానింగ్ ఎందుకు?

సర్కారు సంగతి చూద్దాం. పిల్లల జబ్బుల్ని ముందే కనిపెట్టడానికి 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పెట్టారు. 30 జబ్బుల జాబితా రాశారు. గ్రహణం మొర్రి ఉంది, వంకర పాదాలున్నాయి. వట్టలు దిగకపోవడం పేరు అందులో లేదు. పుట్టిన నాడు, 6, 10, 14 వారాలకు, 9వ నెలకు టీకా కోసం బిడ్డ ఏఎన్ఎం ముందుకొస్తాడు. ఐదుసార్లు! గుడ్డ విప్పి చూడ్డానికి ఒక్క నిమిషం చాలు. వాడ బిడ్డను ముట్టుకోను చెయ్యి రాని చోట ఆ నిమిషం కూడా దొరకదు.

మనం అడగాల్సింది: ఆ జాబితాలో దీని పేరు చేర్చాలి. టీకా కార్డు మీద "రెండు వట్టలూ దిగాయా?" అన్న గడి ఉండాలి. ఆపరేషన్‌కు వెళ్ళిన తల్లికో తండ్రికో పోయిన కూలి కట్టివ్వాలి. ఆడోళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది సరే, నాలుగు రోజుల కూలి ఎవరిస్తారు?

సంఘపోళ్ళు అడిగి ఊరుకోకూడదు. బాలింత ఉన్న ప్రతి ఇంట్లో ఈ మాట చెప్పండి. వెచ్చని చేత్తో, బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు తడిమి చూడమనండి. చలికి పైకెళ్ళి వెచ్చదనానికి తిరిగి దిగేదైతే కోత అక్కర్లేదు, ఏటేటా చూపిస్తే చాలు. పుట్టగానే రెండూ తగలకపోతే మాత్రం ఆరు నెలలు ఆగొద్దు, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. గజ్జల్లో ఉబ్బి, నొప్పితో ఏడుస్తూ వాంతులైతే గంటలే లెక్క, 108కి ఫోన్ చెయ్యండి.

హైదరాబాదు నిలోఫర్‌లో, విశాఖ కింగ్ జార్జ్‌లో, గుంటూరు పెద్దాసుపత్రిలో పిల్లల సర్జరీ విభాగాలున్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు పట్టుకెళ్ళి ఆరోగ్యమిత్రను అడగండి. ఐదేళ్ళొచ్చినా పదేళ్ళొచ్చినా చూపించండి, ఇక లాభం లేదని ఇంట్లో కూర్చోవద్దు. తల్లిని ఒక్కదాన్నే పంపకండి. తండ్రి కూడా వెళ్ళాలి. ఆయన వెళ్ళకపోతే సంఘం మనిషి తోడు వెళ్ళాలి.