ఆఫీస్ పీసీకి పెన్‌డ్రైవ్ పెడుతున్నారా? తేడా వస్తే రూ.250 కోట్ల దాకా ఫైన్!

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివి ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లకు చాలా కంపెనీల్లో మొదటి రోజే ఓ షాక్. జేబులోని పెన్‌డ్రైవ్‌ను ఆఫీస్ ల్యాప్‌టాప్ అస్సలు తీసుకోదు. ఎందుకింత కట్టడి?

పెన్‌డ్రైవ్‌తో ముప్పు రెండు వైపులా ఉంది. లోపలికి వైరస్ వస్తుంది, బయటికి కస్టమర్ల డేటా పోతుంది. 2008లో ఒక్క పెన్‌డ్రైవ్ నుంచే అమెరికా సైన్యం నెట్‌వర్క్‌లోకి మాల్‌వేర్ చేరింది. దెబ్బకు అక్కడ కొంతకాలం వాటిని బ్యాన్ చేశారు.

మన దగ్గరా దీనికి మందు ఉంది. హైదరాబాద్ సీ-డాక్ తయారుచేసిన ‘యూఎస్‌బీ ప్రతిరోధ్’ను కేంద్రం 2017 ఫిబ్రవరిలో విడుదల చేసింది. పెన్‌డ్రైవ్ పెట్టగానే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. మాల్‌వేర్‌ను స్కాన్ చేస్తుంది, అందులోని డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది.

ఇది పెద్ద కంపెనీల గొడవే అనుకోవద్దు. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం వ్యక్తిగత డేటాకు సరైన భద్రత లేక లీకైతే జరిమానా రూ.250 కోట్ల వరకు ఉండొచ్చు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీలకు ఇచ్చిన గడువు 18 నెలలే. కస్టమర్ల ఫోన్ నంబర్లు కంప్యూటర్‌లో పెట్టుకునే ప్రొద్దుటూరు నగల షాపు, పేషెంట్ల రిపోర్టులు దాచే పులివెందుల ల్యాబ్ కూడా జాగ్రత్త పడాల్సిందే.

అలాగని పోర్టులన్నీ మూసేస్తే సరిపోదు. పని ఆగకూడదని సిబ్బంది అవే ఫైళ్లు వాట్సాప్‌లో పంపేస్తారు. అది ఇంకా డేంజర్. ఏ పెన్‌డ్రైవ్, ఎవరి చేతిలో, ఏ ఫైల్ కాపీ అయింది.. ఈ మూడింటికీ లెక్క ఉండాలి. అసలు కంట్రోల్ అంటే అదే.